నలభై నిమిషాల 'ఇల్మాటిక్'లో అంతగా ఏముంది?

ప్రశ్న: "హిప్‌హాప్‌లో గొప్ప ఆల్బం ఏది అని ఎవర్ని అడిగినా నాస్ చేసిన 'ఇల్మాటిక్' పేరే చెబుతారు. రెండుసార్లు విన్నాను. డాన్స్ చేయించే పాట ఒక్కటీ లేదు, మాటలు సగం అర్థం కాలేదు, మొత్తం కలిపి నలభై నిమిషాలు. ఒక కుర్రాడి మొదటి ఆల్బంకి ఇంత పేరెందుకు? నిజంగా అంత ఉందా, లేక అందరూ అంటున్నారని అందరూ అంటున్నారా?"

జవాబు:

అందరూ అంటున్నారని అందరూ అనడం ఈ ఆల్బం విషయంలో కొంత ఉంది, కాదనను. ముప్పై ఏళ్ళుగా పొగిడి పొగిడి దాన్ని దేవుడి పటంలా గోడకెక్కించారు. దండ వేసిన పటాన్ని ఎవరూ సరిగ్గా చూడరు కదా. ఆ దండ తీసి చూపించడానికి ప్రయత్నిస్తాను. జవాబు పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు నా సంగతి. నేను హైదరాబాద్‌లో మిక్సింగ్ పని చేస్తాను. అంతకు ముందు కొన్నేళ్ళు న్యూయార్క్‌లో, క్వీన్స్ వైపు, జాక్సన్ హైట్స్‌లో అద్దెకుండేవాణ్ణి. 2003లో రోజూ ఎఫ్ ట్రెయిన్ ఎక్కి మన్‌హాటన్ వెళ్ళేవాణ్ణి. నది కిందికి దిగేముందు వచ్చే స్టేషన్ పేరు '21వ వీధి - క్వీన్స్‌బ్రిడ్జ్'. ఏడాదిపాటు ఆ స్టేషన్‌లో ఒక్కసారీ దిగలేదు. "అక్కడ మాత్రం దిగకు" అని గదిలో ఉండే మిత్రుడు మొదటి వారమే చెప్పాడు. ఫ్లషింగ్ గణేశ్ గుడి క్యాంటీన్‌లో దోసె కోసం క్యూలో నిలబడే మనవాళ్ళదీ అదే మాట. ఎందుకు దిగకూడదని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఈ ఆల్బం నాలుగైదుసార్లు విన్నాక ఒక ఆదివారం పొద్దున దిగాను. ఆరంతస్తుల ఇటుక భవనాలు, మధ్యలో చెట్లు, బెంచీలు, వెనక విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. ఒక పెద్దావిడ కూరగాయల బండి లాక్కుంటూ పోతోంది. అంతే. నేను భయపడ్డ చోటు అదే, నేను విన్న చోటూ అదే. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాని తెలిసేలా చేసింది ఈ ఆల్బం. నా దృష్టిలో దాని గొప్పతనం మొదలయ్యేది అక్కడే.

ఆ చోటు గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే పాటలు అర్థం కావు. క్వీన్స్‌బ్రిడ్జ్ అంటే ఈస్ట్ రివర్ ఒడ్డున, క్వీన్స్‌బరో వంతెన పక్కన సర్కారు కట్టించిన ఇళ్ళు. 1939లో తెరిచారు. 96 భవనాలు, మూడు వేలకు పైగా ఫ్లాట్లు. ఉత్తర అమెరికా మొత్తంలో ఇంత పెద్ద సర్కారు ఇళ్ళ సముదాయం ఇంకోటి లేదు. ఖర్చు తగ్గించుకోవడానికి లిఫ్టు 1, 3, 5 అంతస్తుల్లోనే ఆగేలా కట్టారు. మిగతా అంతస్తుల వాళ్ళు మెట్లు ఎక్కాలి, లేదా దిగాలి. పేదవాడి మోకాళ్ళ గురించి ఎవరు ఆలోచిస్తారు? 1950ల్లో ఏడాదికి 3,000 డాలర్లు దాటి సంపాదించే కుటుంబాలను అక్కణ్ణుంచి మధ్యతరగతి కాలనీలకు తరలించారు. అలా వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. నాలుగు డబ్బులున్న ఇళ్ళు ఒక్కసారిగా ఖాళీ అయిన ఊరు ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు. తర్వాత 1980ల మధ్యలో క్రాక్ కొకైన్ అనే మత్తుమందు వచ్చింది, దాని వెనకే తుపాకులు వచ్చాయి. 1990లో న్యూయార్క్ నగరంలో 2,200కు పైగా హత్యలు జరిగాయి. ఆ ఏడాదికి నాస్ వయసు 17.

అసలు పేరు నసీర్ జోన్స్. నాస్ అని రాస్తాం గానీ పలికేది 'నాజ్' అని. 1973లో పుట్టాడు. తండ్రి ఓలు దారా మిసిసిపీ నుంచి వచ్చిన జాజ్ కళాకారుడు, కార్నెట్ వాయిస్తాడు. తల్లి పోస్టాఫీసు ఉద్యోగి. తల్లిదండ్రులు 1985లో విడిపోయారు. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. బడి మానేశాడు గానీ చదువు మానలేదు. ఇంట్లో తండ్రి పుస్తకాలు, వాయిద్యాలు ఉండేవి. పై అంతస్తులో ఉండే ప్రాణ స్నేహితుడు విల్లీ గ్రాహమ్, అందరూ పిలిచేది ఇల్ విల్ అని, వాడి దగ్గర టర్న్‌టేబుల్స్ ఉండేవి. ఇద్దరూ కలిసి పాటలు కట్టుకునేవాళ్ళు. 1992 మే నెలలో ఇల్ విల్‌ని కాల్చి చంపారు. ఆ రాత్రే నాస్ తమ్ముడికీ తూటా తగిలింది, బతికి బయటపడ్డాడు. ఆల్బం వినేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఆ గొంతులో ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఉండకూడని అలసట ఒకటి వినిపిస్తుంది, అది నటన కాదు.

ఇంకో సంగతి. ఆ ఇళ్ళకి అప్పటికే ర్యాప్‌లో ఘనమైన చరిత్ర ఉంది, ఒక పెద్ద ఓటమి కూడా ఉంది. మార్లీ మార్ల్ అనే నిర్మాత (ర్యాప్‌లో బీట్ కట్టేవాణ్ణే నిర్మాత అంటారు) అక్కడివాడే. ర్యాపర్ ఎంసీ షాన్ అక్కడివాడే. షాన్ 1986లో తన పేట గొప్ప చెబుతూ పాట చేస్తే, బ్రాంక్స్ నుంచి కేఆర్‌ఎస్-వన్ అనే ర్యాపర్ తిప్పికొట్టాడు. 1987లో వచ్చిన అతని రెండో దెబ్బకి క్వీన్స్‌బ్రిడ్జ్ పరువు పోయింది. అప్పటికి నాస్‌కి పదమూడేళ్ళు. పేట మొత్తం అవమానం మోస్తున్న రోజుల్లో పెరిగిన పిల్లాడు వాడు. కొన్నేళ్ళ తర్వాత ఆ పేట పేరు నిలబెట్టే పని వాడి మీద పడింది. ఊరి టీం ఓడిన ఏడాది మైదానం పక్కన బంతులు అందించిన పిల్లాడు, పెద్దయ్యాక అదే టీంకి బ్యాట్ పట్టుకుని దిగడం లాంటిదిది.

1991లో మెయిన్ సోర్స్ అనే బృందం తమ ఆల్బంలో ఒక పాటకి బయటి నుంచి ముగ్గుర్ని పిలిచింది. మొదటి చరణం నాస్‌ది. అప్పటికి టీనేజ్ కుర్రాడు, మొదటిసారి రికార్డు మీద గొంతు. ఆ ఒక్క చరణంతో న్యూయార్క్ అంతా వీడెవడురా అని అడగడం మొదలైంది. మెయిన్ సోర్స్ బృందంలో అసలు మెదడు లార్జ్ ప్రొఫెసర్. అతను పెరిగింది ఫ్లషింగ్‌లో, మన గణేశ్ గుడి ఉన్న పేటలోనే. ఆ తర్వాత ఎంసీ సర్చ్ అనే ర్యాపర్ నాస్‌ని వెంటబెట్టుకుని కంపెనీల చుట్టూ తిరిగాడు. డెఫ్ జామ్ అధిపతి రసెల్ సిమన్స్ "వీడు కూల్ జీ ర్యాప్‌లా ఉన్నాడు, జీ ర్యాప్ రికార్డులు అమ్ముడుపోవు" అన్న అర్థంలో వద్దన్నాడని సర్చ్ చెబుతుంటాడు. కొలంబియా కంపెనీలో ఫెయిత్ న్యూమన్ అనే ఆవిడ మాత్రం వినగానే పట్టుకుంది. 1992లో ఒక సినిమా ఆల్బంలో 'హాఫ్‌టైమ్' వచ్చింది. ఇల్మాటిక్‌లో అది ఐదో పాట.

ఇక మీ అసలు ఇబ్బందికి వస్తాను. "మాటలు సగం అర్థం కాలేదు" అన్నారు. నాకూ కాలేదు. ఆ యాస, ఆ పేట మాటలు బ్రూక్లిన్ వాళ్ళకే పూర్తిగా తెలియవు. అర్థం వెతకడం కాసేపు ఆపి శబ్దం వినండి. ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక సౌలభ్యం ఉందని నాకెప్పుడూ అనిపిస్తుంది. తెలుగు మాటలన్నీ దాదాపు అచ్చులతో ముగుస్తాయి. పాదం చివర 'వస్తాడు', 'పోతాడు' అని పెడితే ప్రాస కుదిరిపోయినట్టే, అందులో కష్టమేమీ లేదు. అందుకే మన పద్యకవులు చివరి అక్షరాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పాదంలో రెండో అక్షరానికి ప్రాస పెట్టారు, మధ్యలో యతి పెట్టారు. అంటే చెవిని చివర దాకా ఆగనివ్వకుండా లోపలే మెలిపెట్టారు. బడిలో భాగవత పద్యం ఒక్కటి కంఠస్థం చేసినవాడికైనా ఆ మెలిక చెవికి తెలుస్తుంది.

ఇంగ్లిష్ ర్యాప్ మొదట్లో చివరి మాటకి చివరి మాట కలిపే పద్ధతిలోనే నడిచింది. 1980ల చివర్లో రకీమ్ అనే ర్యాపర్ వచ్చి ప్రాసని పాదం లోపలికి తెచ్చాడు. నాస్ దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. రెండో పాట, 'ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్', మొదటి నాలుగు పాదాలు వినండి. ఒకే అచ్చుల జోడీ పాదం మధ్యలో, చివర్లో, మళ్ళీ తర్వాతి పాదం మొదట్లో, అలా గొలుసులా నడుస్తుంది. ఒక గొలుసు తెగకముందే ఇంకోటి మొదలవుతుంది. వాక్యం పాదం చివర ఆగదు, తర్వాతి పాదంలోకి జారిపోతుంది. ఇదంతా చేస్తూ అతను చెప్పే కథ మాత్రం ఎక్కడా వంకర పోదు. ప్రాస కోసం అర్థాన్ని బలిపెట్టిన చోటు ఒక్కటి చూపించమనండి, నేను వెతికాను.

ఆ పాట మొదట్లో అతను ఎలా మొదలుపెట్టాలో తెలియదన్నట్టు గొణుగుతాడు, విన్నారా? బీట్ కట్టిన డీజే ప్రీమియర్ చాలాసార్లు చెప్పిన విషయం: నాస్ నిజంగానే ఎక్కడ అందుకోవాలో తేల్చుకోలేక అలా అన్నాడు, గాజు అద్దం అవతలి నుంచి ప్రీమియర్ వేళ్ళతో లెక్క చూపించాడు, నాస్ అందుకున్నాడు, ఆ మొదటి చరణం ఒక్క టేక్‌లో అయిపోయింది. గొణుగుడు తీసేయకుండా అలాగే ఉంచేశారు. మిక్సింగ్ చేసేవాడిగా చెబుతున్నాను, అలాంటిది ఉంచేయడానికి ధైర్యం కావాలి. నేనైతే శుభ్రంగా కత్తిరించేసేవాణ్ణి.

అదే పాటలో ఇంకో చోటు గమనించండి. వీధిలో కాల్పులు జరుగుతాయి, అతను తుపాకీ తీసి కాలుస్తాడు. మధ్యలో తుపాకీ జామ్ అయిపోతుంది, ఒక భవనంలోకి పరిగెడతాడు. లోపల లాబీ నిండా చిన్నపిల్లలు. ఆ కాలపు గ్యాంగ్‌స్టర్ ర్యాప్‌లో హీరో తుపాకీ జామ్ అవడమా? మన సినిమాలో ఇంటర్వెల్ ఫైట్‌లో హీరో కాలు జారి పడినట్టు. హీరో అవ్వాలని నాస్‌కి లేదు. అతను చూసేవాడు. కిటికీ దగ్గర కూర్చుని కింద జరిగేది చూస్తూ, చూసింది రాస్తూ, మధ్యమధ్యలో తనే కిందికి దిగి దానిలో ఇరుక్కుంటూ, మళ్ళీ పైకొచ్చి రాసేవాడు. ఈ ఆల్బం గురించి నేను చెప్పదలచుకున్న ఒకే ఒక్క మాట ఇది. అంతకు ముందు వీధి గురించి పాడినవాళ్ళలో ఎక్కువమంది వీధిని గెలిచినట్టు పాడారు, కొందరు తీర్పులిచ్చారు. నాస్ సాక్షి చెప్పాడు. సాక్షికి చెమట పడుతుంది, తడబడతాడు, తన తప్పు కూడా బయటపెట్టేస్తాడు.

సౌండ్ గురించి నాకు తెలిసిన పని కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, బోర్ కొడితే ఈ పేరా దాటేయండి. అప్పటిదాకా ర్యాప్ ఆల్బం అంటే మామూలుగా ఒక బృందం, ఒక నిర్మాత. ఇల్మాటిక్‌కి ఐదుగురు పనిచేశారు: లార్జ్ ప్రొఫెసర్, డీజే ప్రీమియర్, పీట్ రాక్, ఏ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ బృందంలోని క్యూ-టిప్, పేట స్నేహితుడు ఎల్.ఈ.ఎస్. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో వీళ్ళని మించినవాళ్ళు లేరు. పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్ లాంటివాళ్ళ చేతిలో ఎస్‌పీ-1200 అనే మెషీన్ ఉండేది. దానిలో శాంపిల్ చేసుకోవడానికి, అంటే పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి ఎక్కించుకోవడానికి, మొత్తం పది సెకన్లే చోటు, నాణ్యత 12 బిట్లు. చోటు చాలక, 33 స్పీడ్ రికార్డుని 45 స్పీడ్‌లో తిప్పి ఎక్కించుకుని, మెషీన్‌లో మళ్ళీ నెమ్మది చేసేవాళ్ళు. ఆ క్రమంలో శబ్దం అంచులు అరిగి గరుగ్గా తయారవుతుంది. న్యూయార్క్ సౌండ్ అని మనం అనే ఆ ధూళి చాలావరకు చోటు లేకపోవడం వల్ల వచ్చిందే. ఇప్పుడు నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళు "అన్నా, ఆ పాత న్యూయార్క్ ఫీల్ కావాలి" అని లాప్‌టాప్‌లో ప్లగిన్ పెట్టుకొస్తారు. పెడతాను. పది సెకన్లలో ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకున్న చెవి మాత్రం ప్లగిన్‌లో రాదు.

వాళ్ళు ఏ రికార్డులు తవ్వారో చూడండి. రెండో పాటలో కింద మోగే ఆ రెండు మూడు పియానో మెట్లు జో చేంబర్స్ అనే జాజ్ కళాకారుడి రికార్డు నుంచి వచ్చాయి. 'ద వరల్డ్ ఈజ్ యువర్స్'లో పియానో అహ్మద్ జమాల్‌ది, 1970 నాటిది. 'వన్ లవ్'లో టకటకమనే ఆ ఆఫ్రికా బొటనవేలి వాయిద్యం హీత్ బ్రదర్స్ రికార్డుది. చివరి పాటలో మైకేల్ జాక్సన్ 'హ్యూమన్ నేచర్' వినిపిస్తుంది, మీరు పోల్చుకునే ఉంటారు. ఆ పాటనే 1993లో ఎస్‌డబ్ల్యూవీ అనే అమ్మాయిల బృందం కూడా వాడి పెద్ద హిట్ కొట్టింది. అదే ముడిసరుకు, వాళ్ళు పెళ్ళి విందు వండితే లార్జ్ ప్రొఫెసర్ అర్ధరాత్రి టీ కాచాడు.

మూడో పాట 'లైఫ్స్ ఎ బిచ్' చివర్లో ఒక బాకా లాంటిది మోగుతుంది కదా, అది శాంపిల్ కాదు. నాస్ తండ్రి ఓలు దారా వచ్చి కార్నెట్ వాయించాడు. ఇల్లు విడిచి వెళ్ళిన తండ్రి, కొడుకు మొదటి ఆల్బంలో, జీవితం ఎప్పుడు ముగుస్తుందో తెలియదని ఇద్దరు కుర్రాళ్ళు పాడిన పాట చివర్లో వచ్చి వాయించి వెళ్ళాడు. మాటలేమీ లేవు. ఆల్బం మొత్తంలో నాకు ఇష్టమైన ముప్పై నలభై సెకన్లు అవే. ఆ పాటలో మొదటి చరణం నాస్‌ది కూడా కాదు, ఏజెడ్ అనే స్నేహితుడిది. ఆల్బంలో ఇంకెవరికీ చరణం ఇవ్వలేదు. ఇచ్చిన ఒక్కడూ కొంపలు ముంచేంత బాగా పాడాడు.

అట్ట మీది బొమ్మ కూడా తండ్రి తీసిన ఫొటోనే. ఏడేళ్ళ నాస్ ముఖం, ఆ ముఖంలోంచి పేట కనబడేలా కలిపారు. తర్వాత ఎన్ని ర్యాప్ ఆల్బంల మీద పసిపిల్లల బొమ్మలు వచ్చాయో లెక్కే లేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన నొటోరియస్ బీఐజీ తొలి ఆల్బం 'రెడీ టు డై' మీద కూడా పసివాడి ఫొటోనే. దాని మీద న్యూయార్క్ ర్యాపర్ల మధ్య ఎత్తిపొడుపులు నడిచాయి. అదో పెద్ద పురాణం, ఇక్కడ వద్దు.

1994 ఏప్రిల్ 19న విడుదలైంది. అంతకుముందే దొంగ కాపీలు వీధుల్లో తిరుగుతున్నాయి. అప్పుడు గాలి మొత్తం పడమటి తీరం నుంచి, అంటే లాస్ ఏంజెలెస్ వైపు నుంచి, వీస్తోంది. డాక్టర్ డ్రే 'ద క్రానిక్' 1992 చివర్లో, స్నూప్ తొలి ఆల్బం 1993 నవంబర్‌లో వచ్చాయి. స్నూప్ ఆల్బం మొదటి వారమే 8 లక్షల కాపీలు దాటింది. ఎండ, కార్లు, సింథసైజర్ల సౌండ్. న్యూయార్క్ పని అయిపోయిందని అనుకుంటున్న రోజులవి. వూ-టాంగ్ క్లాన్ అనే న్యూయార్క్ బృందం 1993 నవంబర్‌లో వచ్చి ఒక తలుపు తన్నింది. ఇల్మాటిక్ వచ్చి రెండోది తెరిచింది. 'ద సోర్స్' అనే హిప్‌హాప్ పత్రిక ఐదుకి ఐదు మైకులు (వాళ్ళ మార్కులవి) ఇచ్చింది. కొత్తవాడి తొలి ఆల్బంకి అలా ఇవ్వడం ఆ పత్రికలో మామూలు విషయం కాదు. ఆ సమీక్ష రాసింది మిన్యా ఓ అనే యువతి.

అమ్మకాలు మాత్రం మీరు అనుకునేంత లేవు. బిల్‌బోర్డ్ 200 జాబితాలో 12వ స్థానం దగ్గర అడుగుపెట్టి మెల్లగా కిందికి జారింది. 5 లక్షల కాపీలకి ఇచ్చే గోల్డ్ గుర్తింపు 1996లో వచ్చింది, 10 లక్షలకి ఇచ్చే ప్లాటినం 2001లో. కాబట్టి "అందరూ అంటున్నారని" అనడం మొదట్లో లేదు. ఏడేళ్ళు పట్టింది. ముందు ర్యాప్ రాసేవాళ్ళు కాపీ కొట్టారు, ఆ తర్వాత జనం కొన్నారు. న్యూయార్క్ ర్యాపర్ జే-జీ 1996లో తన పాటకి పల్లవిగా 'ద వరల్డ్ ఈజ్ యువర్స్'లోంచి నాస్ గొంతునే కోసి పెట్టుకున్నాడు. ఐదేళ్ళ తర్వాత ఇద్దరూ బద్ధశత్రువులై ఒకర్నొకరు పాటల్లో ఉతికేసుకున్నారు. అప్పుడు జే-జీ విసిరిన రాళ్ళలో ఒకటి, నాస్ పదేళ్ళకి ఒక్క మంచి ఆల్బం చేస్తాడని. ఆ రాయి గట్టిగానే తగిలింది, ఎందుకంటే అందులో కొంత నిజముంది. రెండో ఆల్బం 1996లో నంబర్ వన్ అయింది గానీ "ఇల్మాటిక్‌లా లేదు" అన్న మాట వెంటాడింది. 2001లో తనే ఆ పేరు మీద పన్ చేస్తూ 'స్టిల్మాటిక్' అని పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళకే శిఖరం ఎక్కినవాడు మిగతా జీవితమంతా దిగుతున్నట్టే కనబడతాడు, పాపం. మొదటి గ్రామీ రావడానికి 2021 దాకా ఆగాల్సొచ్చింది. అదీ వేరే ఆల్బంకి.

పెద్ద గుర్తింపులు ఎలాగూ వచ్చాయి. 2013లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అతని పేరుతో హిప్‌హాప్ పరిశోధనకి ఫెలోషిప్ పెట్టారు. 2021లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే రికార్డుల జాబితాలో ఇల్మాటిక్ చేరింది. మంచిదే. కానీ ఎవరికైనా ఈ ఆల్బం గురించి చెప్పేటప్పుడు ఇవి మొదట చెబితే వాళ్ళు పారిపోతారు.

ఇండియాకి సంబంధం ఉందా అంటే, ఉంది. 2019లో వచ్చిన 'గల్లీ బాయ్'కి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో నాస్ ఒకడు. అదే ఏడాది అతని మాస్ అపీల్ కంపెనీ ఇక్కడ శాఖ తెరిచింది, మొదట తీసుకున్నది ముంబై ర్యాపర్ డివైన్‌ని. సొంత పేట పేరు చెప్పి, సొంత యాసలో, సొంత గల్లీలో ఏం జరుగుతోందో చెప్పే పద్ధతి చుట్టూ తిరిగి మన దాకా ఇలాగే వచ్చింది. తెలుగులో రాసే కుర్రాళ్ళని నేను అడిగేది కూడా ఇదే: బ్రాంక్స్ గురించి ఎందుకు, బోరబండ గురించి చెప్పు. అక్కడ లిఫ్టు ఏ అంతస్తులో ఆగుతుందో చెప్పు.

లోపాలు లేవా? ఉన్నాయి. ఎనిమిదో పాట 'వన్ టైమ్ ఫర్ యువర్ మైండ్' నాకు ఎప్పుడూ ఖాళీ పూరించినట్టే అనిపిస్తుంది. ఆడవాళ్ళు ఈ ఆల్బంలో మనుషులుగా దాదాపు కనబడరు. కనబడ్డా తిట్లలోనో, ఎవరికో పెళ్ళాంగానో. తల్లి ఉద్యోగం చేసి పెంచిన ఇంట్లో పుట్టిన ఆల్బంలో తల్లికి ఇంత తక్కువ చోటేంటి అని నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంకోటి, ఐదుగురు నిర్మాతల పద్ధతి. నాస్‌కి పనిచేసింది, ఎందుకంటే అందరూ ఒకే ఊరి చెవితో విన్నారు, గొంతు ఒక్కటే. తర్వాత వచ్చినవాళ్ళు పేర్ల కోసం పదిమందిని పిలిచి ఆల్బంని అతుకుల బొంత చేశారు. ఆ పాపంలో కొంత వాటా ఇల్మాటిక్‌దే.

మూడోసారి వినే ఓపిక ఉంటే మొదటి నుంచి వినకండి. ఏడో పాట 'వన్ లవ్'తో మొదలుపెట్టండి, మాటలు పక్కన పెట్టుకుని. అది జైల్లో ఉన్న స్నేహితులకి రాసిన ఉత్తరాల రూపంలో ఉంటుంది. "మేమిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను" అని మనవాళ్ళు రాసేవాళ్ళు చూడండి, ఆ స్వరంలోనే మొదలవుతుంది. నీకు కొడుకు పుట్టాడట, నీ పోలికేనట, వాడి తల్లి నీకు ఉత్తరాలు ఎందుకు రాయట్లేదు, పేటలో ఎవడు మారాడు, ఎవడు పోయాడు. మీ అమ్మ ఏడుస్తుంటే చూడలేకపోతున్నాను. ఊరి కబుర్లే. ఆ కబుర్ల సందుల్లోంచి ఒక పేట మొత్తం ఎలా లోపలికి పోతోందో తెలుస్తుంది.

మూడో చరణంలో ఉత్తరం ఆగిపోతుంది. టెన్షన్ భరించలేక నాస్ కాగితం, పెన్ను తీసుకుని, తుపాకీ ఇంట్లో పెట్టేసి, రెండు రోజులు ఎక్కడికో పోయి వస్తాడు. తిరిగొచ్చేసరికి ఒక పిల్లాడు కనబడతాడు. బెంచీ మీద కూర్చుని గంజాయి చుడుతూ ఉంటాడు, ఆ బెంచీ మీదే క్రాక్ అమ్ముతాడు, ఒంటికి బుల్లెట్ ప్రూఫ్ కోటు. పెద్దవాడిగా నాస్ వాడికి బుద్ధి చెప్పాలి. చెబుతాడు కూడా. ఏం చెబుతాడో జాగ్రత్తగా వినండి. కాల్చొద్దు అనడు. గుంపులోకి కాల్చకు, తప్పుడు మనిషికి తగిలితే ఒక కుటుంబం నాశనమవుతుంది, వాడు ఒంటరిగా దొరికినప్పుడు చూసుకో అంటాడు. ఆ పేటలో, ఆ ఏడాది, ఇరవై ఏళ్ళవాడి దగ్గర ఉన్న జ్ఞానమంతా అదే. అదైనా ఇవ్వాలని అతను తాపత్రయపడుతున్నాడు. పిల్లాడు నవ్వి, నీ స్టైల్ బాగుందన్నా అన్నట్టు మాట్లాడతాడు. వాడి వయసు పన్నెండు. నాస్ లేచి, బట్టల మీది బూడిద దులుపుకుని, పోలీసులొస్తే చూసుకో అని చెప్పి వెళ్ళిపోతాడు.

నేను ఆ ఆదివారం అక్కడ దిగినప్పుడు చూసిన బెంచీలు అవేనో కాదో తెలియదు. కాసేపు కూర్చున్నాను మాత్రం. మీరు ఆ మూడో చరణం విన్నాక ఇక్కడికొచ్చి ఏమనిపించిందో రాయండి. నచ్చకపోయినా రాయండి.